బొబ్బిలి యుద్ధ వాఙ్మయంలో స్వామిభక్తి: తాండ్ర పాపారాయుని పాత్ర పరిశీలన

ప్రస్తావన

1757 జనవరి 24న బొబ్బిలి కోట పతనమైంది. తెల్లవారుతూనే మొదలైన ఫిరంగుల దాడిని కోటలోనివారు మధ్యాహ్నం దాటేదాకా నిలువరించారు. ఆనాటి పోరులో తాండ్ర పాపారాయుడు లేడు. తరతరాలుగా తెలుగునాట చెప్పుకొంటున్న కథ ప్రకారం అతడు రాజాం కోటలో ఉన్నాడు. కబురు అందేసరికి బొబ్బిలి బూడిదైంది. అయినా బొబ్బిలి యుద్ధం అనగానే జనం నోట ముందుగా వచ్చే పేరు అతనిదే. యుద్ధంలో లేని సేనాని ఆ యుద్ధకథకు నాయకుడు ఎలా అయ్యాడన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధాన ప్రశ్న.

పాపారాయుని గురించిన రచనలలో అధికభాగం అతని శౌర్యాన్ని, స్వామిభక్తిని కీర్తించడంతో ముగుస్తాయి. స్వామిభక్తి అనే మాటను సిద్ధగుణంగా స్వీకరించడం వల్ల, ఆ గుణం కథలో ఏ పని చేస్తోంది, ఏ ప్రశ్నలను మూసివేస్తోంది అన్న విచారణకు అవకాశం తగ్గింది. ఒకే సీమలో, ఒకే భాష మాట్లాడే రెండు సంస్థానాల మధ్య జరిగిన పోరులో విశ్వాసం అనేది ఎవరిపట్ల, ఎంతవరకు, ఏ మూల్యానికి అన్నవి సులభంగా తేలే ప్రశ్నలు కావు. ఆంగ్ల చరిత్రకథనం, పద్యకావ్యం, జంగం కథ, నాటకం, చలనచిత్రం అనే వేర్వేరు ప్రక్రియలలో ఈ పాత్ర పొందిన పరిణామాన్ని ఆ ప్రశ్నల వెలుగులో చూడవలసి ఉంది.

చారిత్రక భూమిక

బొబ్బిలి, విజయనగర సంస్థానాలు రెండూ సైనికసేవ నుంచి పుట్టినవే. 1652 ప్రాంతంలో శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వెంకటగిరి వెలమ వంశానికి చెందిన పెద్దరాయుడు, పూసపాటి వంశానికి చెందిన మాధవవర్మ ఈ ప్రాంతానికి వచ్చారని సంస్థాన చరిత్రలు చెబుతున్నాయి. పెద్దరాయుడు తన ప్రభువుకు చేసిన సేవకు ప్రతిఫలంగా పొందిన భూమిలో కోట కట్టి, షేర్ అనే ప్రభువు పేరుకు అర్థమైన పెద్దపులిని స్మరిస్తూ దానికి పేరు పెట్టాడనీ, అదే బెబ్బులిగా, బొబ్బిలిగా మారిందనీ ప్రతీతి. అంటే వీరత్వానికి పర్యాయంగా నేడు వాడే ఆ ఊరి పేరులోనే ఒక సేవకుడు తన యజమానికి చూపిన కృతజ్ఞత ఇమిడి ఉంది. స్వామిభక్తి బొబ్బిలి కథకు పాపారాయునితో వచ్చి చేరిన గుణం కాదు. ఆ సంస్థానం పుట్టుకలోనే అది ఉంది.

తరువాతి శతాబ్దంలో ఈ రెండు వంశాల మధ్య స్పర్ధ పెరిగింది. సరిహద్దు తగాదాలు, సాగునీటి వివాదాలు, కులప్రతిష్ఠ, పన్నుల వసూలు హక్కులు ఇందుకు కారణాలు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించడంతో ఈ స్థానిక స్పర్ధకు కొత్త బలం తోడైంది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల వసూలు బాధ్యతను ఫ్రెంచివారి నుంచి పొందిన పెద విజయరామరాజు తన చిరకాల ప్రత్యర్థిని తొలగించడానికి ఆ మైత్రిని వినియోగించుకొన్నాడు. బొబ్బిలిని విడిచి మరొకచోట భూములు తీసుకోవలసిందన్న ప్రతిపాదనను బొబ్బిలి ప్రభువు గోపాలకృష్ణ రంగారావు తిరస్కరించాడు. బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచి సేన, విజయరామరాజు సేన కలిసి కోటను ముట్టడించాయి.

కోట నిలవదని తేలినప్పుడు లోపలి స్త్రీలను, పిల్లలను వారి పురుషులే హతమార్చి, ఇళ్లకు నిప్పుపెట్టి, తుదిదాకా పోరాడి మరణించారు. మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. ఈ రెండు ఘట్టాల మధ్య ఉన్న సంబంధమే బొబ్బిలి వాఙ్మయానికి ఆయువుపట్టు.

పేరు లేని ఇద్దరు

హిందూదేశంలో ఆంగ్లేయుల సైనిక వ్యవహారాల గురించి రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్రగ్రంథం 1778లో వెలువడిన సంపుటంలో ఈ యుద్ధవర్ణన ఉంది. ఓర్మ్ కథనంలో హంతకులకు పేర్లు లేవు. రంగారావు నేలకొరగడం చూసిన నలుగురు సైనికులు కోటలో ఒక మూల దాగి, రాత్రివేళ గోడ దిగి, విజయరామరాజు శిబిరం మీదుగా అడవికి చేరారు. రెండు రోజులు వేచి, శిబిరంలో సందడి సద్దుమణిగాక వారిలో ఇద్దరు తిరిగి వచ్చి, గుడారం వెనుకనుంచి లోపలికి దూరి, నిద్రలో ఉన్న రాజును పొడిచారు. శరీరంపై 32 గాయాలు లెక్కతేలాయి. వారిద్దరూ అక్కడికక్కడే మరణించారు. వారు విఫలమైతే మిగిలిన ఇద్దరు ఆ పని పూర్తిచేయాలన్నది నలుగురూ కలిసి చేసిన ప్రమాణం.

ఈ కథనంలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, ఆ సైనికులు కోట లోపలివారు. ప్రభువు మరణానికి ప్రత్యక్షసాక్షులు. రెండవది, ప్రతీకారం ఒక వీరుని సాహసం కాదు. నలుగురి మధ్య కుదిరిన ఒడంబడిక. ఒకరు కాకపోతే మరొకరు అన్న సైనికనియమం అందులో ఉంది. మూడవది మరింత ముఖ్యమైనది: వారు శత్రుశిబిరంలో రెండుసార్లు ఎవరికీ అనుమానం రాకుండా తిరగగలిగింది భాష వల్లనేనని ఓర్మ్ స్పష్టంగా చెప్పాడు. అడిగినవారికి అదే భాషలో జవాబిచ్చి వారు దాటిపోయారు.

ఓర్మ్ దీనిని ఒక యుక్తిగా మాత్రమే పేర్కొన్నాడు. కాని తెలుగు పాఠకునికి ఇది కథ మొత్తానికి మూలసూత్రంగా కనిపించాలి. విజయరామరాజు గుడారం దాకా పాపారాయుని, లేదా ఆ పేరులేని ఇద్దరిని నడిపించింది తెలుగు మాటే. కావలివాని ప్రశ్నకు, చొరబడినవాని జవాబుకు మధ్య యాసలో సైతం తేడా లేకపోవడం వల్లనే ఆ హత్య సాధ్యమైంది. పరాయి శిబిరంలో ఇది జరిగేది కాదు. బొబ్బిలి యుద్ధాన్ని అంతర్యుద్ధమని అనడానికి రాజకీయ కారణాలకన్నా ఈ ఒక్క వివరమే బలమైన ఆధారం. తెలుగు రచనల అభినివేశమంతా శత్రువు ఎంత పరాయివాడో చూపడంలో ఉండగా, ఆంగ్ల చరిత్రకారుడు యథాలాపంగా రాసిన మాట అతడు ఎంత దగ్గరివాడో చూపుతోంది.

గైర్హాజరీ అనే కథాసూత్రం

తెలుగు సంప్రదాయం ఆ ఇద్దరిలో ఒకరికి పేరు ఇచ్చింది. 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము, పెద్దాడ మల్లేశం పేర ప్రచారంలో ఉన్న బొబ్బిలిరాజు కథ ఈ సంప్రదాయానికి తొలి ఆధారాలు. 1874లో బాయిల్ ఇండియన్ యాంటిక్వెరీలో తెలుగు వీరగేయాలను పరిచయం చేసినప్పుడు బొబ్బిలి కథకు ప్రాధాన్యమిచ్చాడు. మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించి ప్రకటించిన బొబ్బిలి యుద్ధకథ ఈ గేయాన్ని విద్వల్లోకానికి చేరువ చేసింది. ఓర్మ్ గ్రంథాన్ని, నారాయణకవి కావ్యాన్ని, మల్లేశం కథను పక్కపక్కన ఉంచి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో ప్రకటించిన గ్రంథంలో దక్షిణభారతంలో చరిత్రరచనా స్పృహ గురించి కీలకమైన చర్చ చేశారు. వారి ఆసక్తి ప్రధానంగా ఈ రచనలలోని చారిత్రకదృష్టిపై ఉంది. పాత్రనిర్మాణం దృష్ట్యా పరిశీలించవలసిన అంశం ఒకటి మిగిలి ఉంది. అది పాపారాయుని గైర్హాజరీ.

ఓర్మ్ చెప్పిన సైనికులు కోటలో ఉన్నారు. తెలుగు సంప్రదాయంలోని పాపారాయుడు కోటలో లేడు. ఈ తేడా కేవలం వివరాలకు సంబంధించినది కాదు. కోటలో ఉండి, ప్రభువు పతనాన్ని చూసి, బతికి బయటపడిన సైనికుడు వీరకథకు ఇబ్బందికరమైన పాత్ర. ప్రభువుతోపాటు అతడు ఎందుకు చావలేదన్న ప్రశ్న శ్రోతకు కలుగుతుంది. అదే వ్యక్తి రాజాంలో ఉన్నట్లయితే ఆ ప్రశ్న మాయమవుతుంది. బతికి ఉండటం తప్పు కాకుండా పోతుంది. దాని స్థానంలో సకాలంలో రాలేకపోయిన వేదన నిలుస్తుంది. కబురు అందకపోవడం, మల్లమ్మదేవి సోదరునికై ఎదురుచూడటం, అతడు వచ్చేసరికి శ్మశానం మాత్రమే మిగలడం అనే వరుస ఈ వేదనను సిద్ధం చేస్తుంది.

అంటే గైర్హాజరీ ఇక్కడ లోపం కాదు, నిర్మాణసూత్రం. వీరుని సామర్థ్యానికి ఓటమి మచ్చ అంటకుండా అది కాపాడుతుంది. పాపారాయుడు ఉండి ఉంటే బొబ్బిలి పడేది కాదన్న విశ్వాసం శ్రోతల్లో మిగులుతుంది. ఫిరంగుల ముందు మట్టికోట నిలవగలదా అన్న సైనికప్రశ్నను ఈ విశ్వాసం పక్కకు నెడుతుంది. పల్నాటి వీరగాథలోని బాలచంద్రునితో పోల్చినప్పుడు ఈ విశిష్టత మరింత స్పష్టమవుతుంది. బాలచంద్రుడూ మొదట రణరంగానికి దూరంగా ఉంచబడినవాడే. కాని అతడు యుద్ధం ముగియకముందే చేరి, కుదరబోయే సంధిని కాదని పోరాడతాడు. అతని రాక యుద్ధగతిని మార్చింది. పాపారాయుని రాకకు మార్చదగినదంటూ ఏమీ మిగలలేదు. గెలిపించవలసిన ప్రభువు లేడు, కాపాడవలసిన కోట లేదు. స్వీకరించే స్వామి లేని భక్తి అది. ఆ శూన్యమే అతని పాత్రకు విషాదగౌరవాన్ని ఇచ్చింది.

ఉద్యోగమా, బాంధవ్యమా

పాపారాయుని సేనాని అనడం వాడుక. అయితే 18వ శతాబ్ది సంస్థానంలో ఈ పదానికి నేటి సైన్యాధికారి అన్న అర్థం పూర్తిగా సరిపోదు. జీతంపై నియమితుడై, బదిలీలకు లోబడి, పదవి ముగియగానే విధినుంచి విముక్తుడయ్యే ఉద్యోగి కాడు అతడు. సంస్థానాధీశుని బంధువర్గం చుట్టుపక్కల కోటలను ఏలుతూ, అవసరమైనప్పుడు తమ బలగాలతో తరలిరావడం ఆనాటి పద్ధతి. సంప్రదాయం ప్రకారం రంగారావు భార్య మల్లమ్మదేవి పాపారాయుని సోదరి. అంటే రంగారావు అతనికి ఏలిక, బావ కూడా.

ఈ ద్వంద్వం పాత్రను అర్థం చేసుకోవడంలో కీలకమైనది. గుడారంలో అతడు దూసిన కత్తి ఏలిక కోసమా, తోబుట్టువు కోసమా? కథాసంప్రదాయం ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమివ్వదు. ఇవ్వవలసిన అవసరం దానికి లేదు. ఉప్పు తిన్న ఋణం, నెత్తుటి బంధం ఒకే మనిషిపట్ల కలిసి ఉన్నప్పుడు అవి వేర్వేరు ధర్మాలుగా కనిపించవు. ఆ రెండూ ఎదురెదురుగా నిలిచే సందర్భం పాపారాయునికి రాలేదు. అతని నిష్ఠకు పరీక్ష శత్రువు నుంచి వచ్చింది గాని, సొంత మనసునుంచి రాలేదు. స్వామిధర్మానికి, బంధుధర్మానికి మధ్య నలిగే భారత పాత్రలతో పోల్చితే పాపారాయుని పాత్రలో అంతస్సంఘర్షణ తక్కువగా ఉండటానికి కారణం ఇదే. అందుకే అతడు గేయానికి ఒదిగినంతగా నాటకానికి ఒదగడం కష్టం.

ఆధునిక రచనలు ఈ బాంధవ్యాన్ని నిలుపుకొంటూనే ఉద్యోగధర్మాన్ని ముందుకు తెచ్చాయి. రాజ్యం, సైన్యం, విధి అనే భావాలకు 19, 20 శతాబ్దాలలో కొత్త అర్థాలు ఏర్పడిన తరువాత, బావ కోసం, చెల్లెలి కోసం చేసిన ప్రతీకారంకన్నా ప్రభువు కోసం, గడ్డ కోసం చేసిన త్యాగం ఉన్నతంగా తోచింది. కుటుంబపగ అనదగిన దానిని కర్తవ్యంగా మార్చడానికి స్వామిభక్తి అనే మాట వంతెనగా పనికివచ్చింది.

కత్తి గురి

బొబ్బిలి గోడలను కూల్చినవి ఫ్రెంచి ఫిరంగులు. కోటను ముట్టడించిన సేనకు అధిపతి బుస్సీ. అతని గుడారం కూడా ఆ మైదానంలోనే ఉంది. అయినా ఓర్మ్ చెప్పిన ఇద్దరు గాని, తెలుగు కథలోని పాపారాయుడు గాని అటువైపు వెళ్లలేదు. విజయరామరాజు గుడారాన్నే ఎంచుకొన్నారు.

ఇందుకు వ్యావహారిక కారణం సుగమం. ఐరోపా సైనికుల కావలిని దాటడం కన్నా, తమ భాష మాట్లాడేవారి కావలిని దాటడం తేలిక. కాని కథలోని నైతికతర్కం వేరు. బుస్సీ ఆయుధం మాత్రమే; ఆ ఆయుధాన్ని తెచ్చినవాడు పొరుగురాజు. ఇంటిగుట్టు లంకకు చేటన్న లోకోక్తి తెలుగువారికి కొత్త కాదు. పరాయివాని బలం కన్నా, దానికి దారిచూపిన దగ్గరివాని ద్రోహం పెద్ద నేరంగా ఈ కథలో తీర్పు పొందింది. ఈ తీర్పు అంతర్యుద్ధాలకు సహజమైనది. పరాయివానితో వైరం సంధితో ముగియవచ్చు. పొరుగువానితో వైరం అలా ముగియదు.

జాతీయోద్యమకాలం తరువాతి పునఃకథనాలకు ఇక్కడే చిక్కు ఎదురైంది. బొబ్బిలిని విదేశీయుల మీద తెలుగువారి ప్రతిఘటనగా చూపాలంటే వీరుని కత్తి విదేశీయునికి తగలాలి. కథలో అది తగిలింది తెలుగు రాజుకు. దీనిని పరిష్కరించడానికి విజయరామరాజును పరాయిపక్షపు మనిషిగా, ఫ్రెంచివారి తొత్తుగా చిత్రించడం అవసరమైంది. బుస్సీ దివాను హైదర్ జంగ్ కుట్రదారుగా అంతకంతకూ పెద్దపాత్ర అయ్యాడు. ఈ చిత్రణలో చారిత్రకసత్యం కొంత ఉన్నా, అది మరొక సత్యాన్ని కప్పివేస్తుంది. ఆనాటి సర్కారులలో ప్రతి సంస్థానమూ ఏదో ఒక పైశక్తి అండను వెతుక్కొన్నదే. విజయరామరాజు వారసుడైన ఆనందరాజు ఏడాది తిరిగేసరికి ఆంగ్లేయులను ఆశ్రయించాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో కర్నల్ ఫోర్డు సేన ఆయన సాయంతోనే ఫ్రెంచివారిని ఓడించింది. ఫ్రెంచి పక్షపాతం అనేది ఆ వంశానికి శాశ్వతగుణం కాదు, ఒకనాటి రాజకీయం మాత్రమే.

శీర్షికల ప్రయాణం

ఈ కథను చెప్పిన ప్రధాన రచనల పేర్లను కాలక్రమంలో చూస్తే ఒక పరిణామం ద్యోతకమవుతుంది. నారాయణకవి కావ్యానికి పేరు రంగరాయచరిత్రము. నాయకుడు ప్రభువు, సేవకుని కార్యం ప్రభుచరిత్రకు ముగింపు. వేదం వేంకటరాయశాస్త్రి 1916లో రచించిన నాటకం బొబ్బిలియుద్ధనాటకము. ఇక్కడ శీర్షికలో వ్యక్తి లేడు. స్థలం, సంఘటన ఉన్నాయి. 1964లో సి. సీతారాం దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం బొబ్బిలియుద్ధం. దానిలో రంగారాయుని పాత్రను ఎన్.టి. రామారావు, పాపారాయుని పాత్రను ఎస్.వి. రంగారావు ధరించారు. అగ్రనటుడు ప్రభువుగా, మహానటుడు సేనానిగా కనిపించిన ఆ చిత్రంలో పాత్రల తూకం రెండువైపులా సమంగా ఉంది. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో కృష్ణంరాజు నాయకుడుగా వచ్చిన చిత్రం పేరు తాండ్ర పాపారాయుడు. ప్రభువునుంచి స్థలానికి, స్థలంనుంచి సేనానికి శీర్షిక మారింది.

ఈ మార్పు కేవలం తారాబలం వల్ల జరిగినది కాదు. కావ్యయుగంలో కథను పోషించినది రాజాస్థానం, ఆ వంశాల బంధువర్గం. ఆ శ్రోతలకు వంశకీర్తి ముఖ్యం. 1891లో బొబ్బిలిలో యుద్ధస్మారకస్తంభం వెలసినప్పుడు, మహారాజా వేంకటశ్వేతాచలపతి రంగారావు తన సంస్థానవృత్తాంతాన్ని ఆంగ్లంలో ప్రకటించినప్పుడు ఆ వంశకీర్తి కొత్త మాధ్యమాలకు చేరింది. జంగం కథకు, ఆ తరువాత షేక్ నాజర్ వంటి కళాకారుల బుర్రకథకు శ్రోతలు సామాన్యజనం. వారికి సింహాసనం కన్నా, దానికి కాపుగా నిలిచినవాడు దగ్గర. రాజరికం, జమీందారీ రద్దయిన తరువాత రాజు నాయకుడుగా నిలవడం కష్టమైంది. రాజుకోసం ప్రాణమిచ్చినవాడు మాత్రం నాయకుడుగా నిలిచాడు. విశ్వాసం ఎవరిపట్ల అన్నది వెనుకకు పోయి, విశ్వాసమే విలువగా మిగిలింది.

ఈ పరిణామంలో చివరిమెట్టుగా 1982లో దాసరి నారాయణరావు దర్శకత్వంలోనే వచ్చిన బొబ్బిలిపులిని పేర్కొనవచ్చు. దానిలో నాయకుడు మేజర్ చక్రధర్ భారతసైన్యాధికారి. కథకు 1757తో సంబంధం లేదు. సంబంధం పేరుతో మాత్రమే. దేశసరిహద్దును కాపాడే అధికారి, లోపలి ద్రోహులే అసలు శత్రువులని గుర్తించి ఆయుధం పట్టడం ఆ చిత్రకథ. పాపారాయుని కత్తి బుస్సీని విడిచి విజయరామరాజును వెతికినట్లే, ఇక్కడా ఆయుధం బయటి శత్రువునుంచి ఇంటి శత్రువువైపు తిరుగుతుంది. ప్రభువు స్థానంలో దేశం, పొరుగురాజు స్థానంలో అవినీతిపరుడు వచ్చినా, అంతర్యుద్ధపు నైతికతర్కం మారలేదు. విశ్వాసపాత్రుడైన సైనికునికి చట్టాన్ని దాటే అధికారం ఉందన్న భావనను ఆ తర్కం తెలుగు ప్రేక్షకునికి సహజంగా తోచేట్లు చేసింది. స్వామిభక్తిని విచారణ లేకుండా ఆరాధించడంలోని ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

కథ కాని విశ్వాసాలు

పాపారాయుని కీర్తి ఎంత విస్తృతమో తెలియాలంటే, అదే ప్రాంతంలో కీర్తి దక్కని మరి రెండు విశ్వాసాలను దానిపక్కన నిలపాలి.

మొదటిది పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి మరణించాడు. ఆయన చుట్టూ నిలిచిన అనుచరులు చెదరిపోకుండా అక్కడే నేలకొరిగారు. శత్రువు నిస్సందేహంగా విదేశీయుడు. అనుచరుల విశ్వాసం నిస్సందేహంగా ప్రాణాంతకం. జాతీయభావం దృష్ట్యా చూస్తే బొబ్బిలికన్నా పద్మనాభమే తగిన వస్తువు. అయినా కళింగాంధ్ర దాటి తెలుగుదేశమంతటా బొబ్బిలి వ్యాపించినంతగా పద్మనాభం వ్యాపించలేదు. కారణాలలో ఒకటి కథానిర్మాణానికి సంబంధించినది. పద్మనాభంలో బతికి, వచ్చి, పగతీర్చినవాడు లేడు. అనుచరులందరూ సకాలంలో అక్కడే ఉన్నారు, అందరూ ఒకేసారి మరణించారు. ప్రతీకారం లేని విశ్వాసం స్మృతిగా మిగిలింది గాని కథగా పెరగలేదు. పాపారాయుని ఆలస్యం కథకు ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

రెండవది మరింత ఆలోచింపజేసేది. ఓర్మ్ కథనంలోనే మరొక పేరులేని మనిషి ఉన్నాడు. కోట తగలబడుతున్నవేళ ఒక వృద్ధుడు రంగారావు పసికొడుకును చేతబట్టుకొని ఫ్రెంచి అధికారి లా ఎదుటికి వచ్చాడు. తండ్రి ఆనతికి విరుద్ధంగా ఆ బిడ్డను కాపాడానని చెప్పాడు. ఆ బిడ్డే చిన రంగారావు. పద్మనాభం తరువాత 1794లో కంపెనీ బొబ్బిలిని ఆయనకే తిరిగి ఇచ్చింది. బొబ్బిలి వంశం నిలిచింది, సంస్థానం మళ్లీ వెలసింది, స్మారకస్తంభం లేచింది, వంశచరిత్ర గ్రంథస్థమైంది. వీటన్నిటికీ మూలం ఆ వృద్ధుని అవిధేయత.

ఆనతిని పాటించినవారందరూ ఆ రోజు చేసింది తమ వారిని తామే చంపుకోవడం. ఆనతిని మీరినవాడు చేసింది వంశాన్ని నిలపడం. స్వామి మాటను నిలపడమే స్వామిభక్తి అయితే వృద్ధుడు ద్రోహి. స్వామి ఇంటిని నిలపడం స్వామిభక్తి అయితే అందరికన్నా విశ్వాసపాత్రుడు అతడే. ఈ వైరుధ్యాన్ని ఎదుర్కొంటే కోటలోపలి మరణాల గురించి ఒక ప్రశ్న తప్పదు. స్త్రీలను, పిల్లలను చంపాలన్న నిర్ణయం అనివార్యమా? శత్రుసేనాని ఆ బిడ్డను ఆదరించాడన్న వాస్తవం ఆ నిర్ణయంమీద ఏ వెలుగును ప్రసరిస్తుంది?

వీరకథాసంప్రదాయం ఈ ప్రశ్నను అడగదు. అడగకుండా ఉండటానికి దానికి తోడ్పడినది పాపారాయుని కత్తి. కోటలో సొంతవారి చేతిలో మరణించినవారి నెత్తురంతా గుడారంలోని ఒక్క మనిషి ఖాతాలో జమ అయింది. ఆయన మరణంతో లెక్క సరిపోయిందన్న తృప్తి శ్రోతకు దక్కింది. ప్రతీకారం న్యాయమే కావచ్చు. కాని కథలో అది చేసిన అసలు పని తీర్పు ఇవ్వడం కాదు, విచారణను ముగించడం. మల్లమ్మదేవి మరణం ఎవరి నిర్ణయమన్న ప్రశ్న, ఆమె సోదరుడు పగతీర్చిన క్షణంలో ఆగిపోయింది.

ముగింపు

బొబ్బిలి వాఙ్మయంలో తాండ్ర పాపారాయుడు శౌర్యానికి ప్రతీకగా మాత్రమే కాక, కథ మోయలేని మూడు బరువులను తన భుజాన వేసుకొన్న పాత్రగా కనిపిస్తాడు. ఓటమి అవమానాన్ని అతని గైర్హాజరీ తొలగించింది. పొరుగువారి మధ్య పోరు అన్న చేదునిజాన్ని అతని కత్తిగురి ద్రోహిశిక్షగా మార్చింది. కోటలోపలి మరణాలకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను అతని ప్రతీకారం మూసివేసింది. ఈ మూడు పనులకూ స్వామిభక్తి అనే ఒకే పేరు స్థిరపడింది.

ఈ పరిశీలన ఆ పాత్ర ఔన్నత్యాన్ని తగ్గించేది కాదు. తనవారందరూ పోయాక, లాభించేది ఏదీ లేదని తెలిసి ప్రాణాన్ని పణంగా పెట్టిన మనిషిలో లోకం చూసిన గొప్పతనం నిజమైనదే. అయితే ఆ గొప్పతనాన్ని ఓర్మ్ గ్రంథంలోని వృద్ధుని పక్కన నిలిపి చూసినప్పుడే దాని పరిధి తెలుస్తుంది. ఒకరు ప్రభువు కోసం చంపారు, మరొకరు ప్రభువును కాదని బతికించారు. మొదటివానికి కావ్యం, గేయం, నాటకం, చిత్రం అన్నీ దక్కాయి. రెండవవానికి తెలుగులో పేరు నిలవలేదు. బొబ్బిలి కథను నేటి విద్యార్థులకు బోధించేటప్పుడు ఈ ఇద్దరినీ ఒకే పాఠంలో చేర్చడం అవసరం. అంతర్యుద్ధంలో విశ్వాసమంటే ఏమిటన్న ప్రశ్నకు ఒక్కరి చరిత్రతో పూర్తి జవాబు దొరకదు.